పాదాంకం కదలని బిళ్ళలు: ఒక రసాయనశాస్త్ర పరిచయ కిట్‌పై సమీక్ష

రసాయన సమీకరణాన్ని తుల్యం చేయమని, అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క సరిపోయేలా చేయమని, మొదటిసారి అడిగినప్పుడు పిల్లల్లో చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే చర్యను రాసుకుంటారు. ఎడమవైపు రెండు ఆక్సిజన్ పరమాణువులు ఉంటే కుడివైపు ఒకటే ఉందని గమనించి, నీటి ఫార్ములాలో ఆక్సిజన్ పక్కన కిందుగా ఒక చిన్న 2 చేరుస్తారు. ఇలా కిందుగా రాసే అంకెనే పాదాంకం అంటారు. లెక్క సరిపోతుంది, రెండు వైపులా రెండేసి హైడ్రోజన్లు, రెండేసి ఆక్సిజన్లు కనిపిస్తాయి. అయితే కుడివైపున ఇప్పుడున్నది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. ఉన్నత పాఠశాల స్థాయిలో కొన్నేళ్ళు రసాయనశాస్త్రం బోధించిన నేను ఎర్రసిరాతో ఎక్కువసార్లు కొట్టివేసిన అంకె బహుశా ఆ చిన్న రెండే అయి ఉంటుంది. ఫార్ములాను ముట్టుకోకూడదని, దాని ముందు గుణకం, అంటే ఎన్ని అణువులో చెప్పే అంకె, మాత్రమే వేయాలని ఎన్నిసార్లు చెప్పినా అది ఏదో ఆటలో నియమంలా వినిపించేదే తప్ప, దాని వెనుక ఒక కారణం ఉందని పిల్లలకు తోచేది కాదు.

అందుకే, పన్నెండేళ్ళు దాటిన పిల్లల కోసమని ఒక సంస్థ తెలుగులో తయారుచేసిన ఈ పరిచయ కిట్‌ను మా అన్నయ్య కూతురి కోసం తెప్పించినప్పుడు, నేను పెట్టె విప్పి మొదట చూసింది ఈ ఒక్క చిక్కును వారు ఎలా విప్పారన్నదే. పెట్టెలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం పదార్థాల వర్గీకరణకు సంబంధించినది. అందులో అరవై కార్డులు, వాటిని పేర్చడానికి నాలుగు గళ్ళ అట్ట (మూలకం, సంయోగ పదార్థం, అంతటా ఒకేలా ఉండే సజాతీయ మిశ్రమం, అలా లేని విజాతీయ మిశ్రమం), ఒక అయస్కాంతం, ఇనుపరజను, గంధకం పొడి, చిన్న టార్చిలైటు ఉన్నాయి. రెండవ భాగం సమీకరణాలను తుల్యం చేయడానికి. అందులో ప్లాస్టిక్ బిళ్ళలు, మధ్యలో బాణం గుర్తు ఉన్న పళ్ళెం ఉన్నాయి. ఈ రెండింటికీ కలిపి ఒక అభ్యాస పుస్తకం, కొన్ని వీడియో పాఠాలు, గ్రాములో పదో వంతు వరకు చూపే డిజిటల్ త్రాసు, ఒక గాజుసీసా, బెలూన్లు ఇచ్చారు. ఆరు వారాలపాటు, వారానికి మూడు నాలుగు సాయంత్రాలు ఆ అమ్మాయి పక్కన కూర్చుని వాడించిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. రెండవ భాగం నాకు చాలా నచ్చింది. మొదటి భాగంలో తప్పులున్నాయి. అయితే ఆ తప్పులకన్నా పెద్ద లోపం, ఈ రెండూ నిజానికి ఒకే పాఠమన్న సంగతి కిట్‌లో ఎక్కడా చెప్పకపోవడం.

ముందు బిళ్ళల సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ కిట్‌ను కొనదగినదిగా చేసేవి అవే. ఒక్కో బిళ్ళ ఒక అణువుకు లేదా ఒక ఫార్ములా ప్రమాణానికి ప్రతినిధి. నీటి బిళ్ళను చేతిలోకి తీసుకుంటే పైవైపున హెచ్2ఓ అన్న ఫార్ములా ఉంటుంది. అది అచ్చువేసినది కాదు, పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చినది, వేలితో తడిమితే తగులుతుంది. వెనక్కి తిప్పితే రెండు తెల్ల చుక్కలు, ఒక ఎర్ర చుక్క. హైడ్రోజన్‌కు తెలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు, కార్బన్‌కు నలుపు, నైట్రోజన్‌కు నీలం, గంధకానికి పసుపు, క్లోరిన్‌కు ఆకుపచ్చ అన్న రంగులు అణు నమూనాలలో సాధారణంగా వాడేవే కాబట్టి, ఈ పిల్లలు రేపు మరొక నమూనాను చూసినా కొత్తగా నేర్చుకోవలసింది ఉండదు. పాదాంకం బిళ్ళలో భాగం. దాన్ని చెరపలేము, మార్చలేము, కొత్తగా చేర్చలేము. కావాలంటే మరో బిళ్ళ తెచ్చి పక్కన పెట్టవచ్చు, అంతే. గుణకం అంటే బిళ్ళల సంఖ్య అన్న మాట పుస్తకం చెప్పకముందే చేతికి తెలిసిపోతుంది.

మా అమ్మాయి మొదటి రోజే హైడ్రోజన్ బిళ్ళ ఒకటి, ఆక్సిజన్ బిళ్ళ ఒకటి ఎడమవైపు పెట్టి, కుడివైపు నీటి బిళ్ళ పెట్టింది. అన్నీ వెనక్కి తిప్పి చుక్కలు లెక్కపెట్టింది. ఒక ఎర్ర చుక్క మిగిలిపోయింది. కాసేపు ఆ ఆక్సిజన్ బిళ్ళను రెండుగా విరవగలనా అన్నట్టు అటూ ఇటూ వంచి చూసి, అది విరగదని తేలాక రెండో నీటి బిళ్ళ తెచ్చింది. అప్పుడు తెల్ల చుక్కలు తక్కువయ్యాయని రెండో హైడ్రోజన్ బిళ్ళ తెచ్చింది. నేను నోరు విప్పవలసిన అవసరం రాలేదు. తరగతిలో ఇదే ఫలితం రావడానికి నాకు కనీసం రెండు పీరియడ్లు పట్టేది.

అభ్యాస పుస్తకంలో లెక్కల వరుస కూడా ఆలోచించి పేర్చినదే. నీటి తరువాత ఇనుము తుప్పుకు సంబంధించిన ఆక్సైడ్ వస్తుంది. ఒకవైపు ఆక్సిజన్ రెండేసిగా వస్తుంటే, మరోవైపు మూడేసిగా వెళుతుంది. రెండుకూ మూడుకూ కనిష్ఠ సామాన్య గుణిజం ఆరు కాబట్టి మూడు ఆక్సిజన్ అణువులు, రెండు ఐరన్ ఆక్సైడ్ ప్రమాణాలు, వాటికి తగినట్టు నాలుగు ఇనుము పరమాణువులు. గణితంలో నేర్చిన క.సా.గు. ఇక్కడ ఉపయోగపడుతుందని తెలిసినప్పుడు పిల్లల ముఖంలో కనిపించే వెలుగు నాకు పాతదే అయినా చూడడానికి విసుగు రాదు. ఆ తరువాత ఎర్రగా కాలిన ఇనుముపై నీటి ఆవిరిని పంపే చర్య. అందులో మూడు ఇనుము, నాలుగు నీరు, ఒక ఐరన్ ఆక్సైడ్, నాలుగు హైడ్రోజన్. ఇనుముకు ఒకటికన్నా ఎక్కువ ఆక్సైడ్‌లు ఉంటాయని ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టడం ద్వారానే తెలిసేలా చేశారు. ముందు లోహాలు, తరువాత అలోహాలు, ఆపైన హైడ్రోజన్, చిట్టచివర ఆక్సిజన్ లెక్క చూడాలన్న క్రమాన్ని సూత్రంలా రుద్దకుండా, నాలుగైదు లెక్కలు చేశాక "మీరు దేనితో మొదలుపెడితే త్వరగా పూర్తయింది?" అని అడిగి పిల్లలచేతనే చెప్పించడం మెచ్చుకోదగిన పద్ధతి.

బహుపరమాణుక అయాన్ల (కొన్ని పరమాణువులు కలిసి ఒకటిగా ఉండే, విద్యుదావేశమున్న గుంపుల) దగ్గర బిళ్ళలు మరింత బాగా పనిచేస్తాయి. కాల్షియం హైడ్రాక్సైడ్, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసి కాల్షియం ఫాస్ఫేట్, నీరు ఏర్పడే చర్యను కాగితం మీద ఆక్సిజన్లతో సహా విడివిడిగా లెక్కపెట్టబోతే పెద్దవారికి కూడా తల తిరుగుతుంది. ఈ బిళ్ళల వెనుక ఫాస్ఫేట్ చుక్కలన్నిటినీ కలిపి ఒక గీతతో చుట్టారు. ఆ గీతను చూడగానే దాన్ని ఒకే మూటగా లెక్కపెట్టవచ్చని అర్థమవుతుంది. కుడివైపు కాల్షియంలు మూడు, ఫాస్ఫేట్ మూటలు రెండు ఉన్నాయి కాబట్టి ఎడమవైపు మూడు హైడ్రాక్సైడ్‌లు, రెండు ఆమ్లాలు. మిగిలిన హైడ్రోజన్‌తో ఆరు నీటి అణువులు. చర్యలో విడిపోకుండా ఉండే మూటలను మాత్రమే ఇలా లెక్కించాలని, మూట విరిగిపోయే చర్యల్లో ఈ ఉపాయం పనికిరాదని పుస్తకంలో ఒక వాక్యం చేర్చి ఉంటే బాగుండేది.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. పాదాంకాన్ని ఎందుకు మార్చకూడదు? బిళ్ళ మార్చనివ్వదు కాబట్టి అన్నది సమాధానం కాదు; అది బిళ్ళ తయారుచేసినవారి నిర్ణయం. అసలు సమాధానం ఈ కిట్ మొదటి భాగంలోనే, పుస్తకం తొమ్మిదవ పేజీలో ఉంది. అక్కడ ఇనుపరజను, గంధకం పొడి కలిపి మిశ్రమం తయారుచేయమంటారు. ఏ పాళ్ళలో కలిపినా మిశ్రమం మిశ్రమమే. అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి పైన తిప్పితే ఇనుపరజను మీసాల్లా లేచి అంటుకుంటుంది, పసుపు పొడి కాగితం మీద మిగులుతుంది. ఆ రెండింటినీ వేడిచేస్తే ఐరన్ సల్ఫైడ్ అన్న సంయోగ పదార్థం ఏర్పడుతుంది. ఇంట్లో పిల్లలచేత గంధకాన్ని కాల్పించడం ప్రమాదం కాబట్టి ముందే తయారుచేసిన నల్లటి ముద్దను మూతవేసిన చిన్న గాజు గొట్టంలో పెట్టి ఇచ్చారు. ఇది వివేకమున్న నిర్ణయం. (మాకు వచ్చిన ముద్ద అయస్కాంతానికి కొద్దిగా కదిలింది. చర్య పూర్తికాక లోపల కొంత ఇనుము మిగిలిపోతే ఇలా జరుగుతుంది. "అయస్కాంతం దీనిని ఆకర్షించదు" అని పుస్తకంలో చదివి, కళ్ళముందు కదులుతున్నదాన్ని చూసి పిల్లలు అయోమయంలో పడతారు.) సంయోగ పదార్థంలో ఇనుము, గంధకం ద్రవ్యరాశిలో ఎప్పుడూ ఏడుకు నాలుగు పాళ్ళలోనే ఉంటాయని ఆ పేజీ అడుగున చిన్న అక్షరాలలో రాసి, ఆ మాటను అక్కడే వదిలేశారు.

ఆ ఒక్క వాక్యమే రెండో భాగమంతటికీ పునాది. సంయోగ పదార్థానికి స్థిరమైన కూర్పు ఉంటుంది కాబట్టే దానికి స్థిరమైన ఫార్ములా ఉంటుంది. ఆ స్థిరత్వానికి గుర్తే పాదాంకం. నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ ద్రవ్యరాశుల నిష్పత్తి ఒకటికి ఎనిమిది. పెరాక్సైడ్‌లో ఒకటికి పదహారు. ఆ నిష్పత్తిని మార్చిన మరుక్షణం మనం నీటి గురించి మాట్లాడడం మానేసి, మరో పదార్థం గురించి మాట్లాడుతున్నట్టే. మిశ్రమానికి ఫార్ములా ఎందుకు రాయలేమో, సమీకరణంలో పాదాంకాన్ని ఎందుకు ముట్టుకోలేమో రెండూ ఒకే ప్రశ్న. 18వ శతాబ్దం చివరలో ఫ్రెంచ్ రసాయనశాస్త్రవేత్త ప్రూస్ట్ ఈ స్థిరానుపాత నియమాన్ని ప్రతిపాదించినప్పుడు, అదే రంగంలోని బెర్తొలే వంటి మహామహుడే ఒప్పుకోక, వాదం కొన్నేళ్ళు నడిచింది. ఐరన్ ఆక్సైడ్‌లలో ఒక రకంలో ఇనుము పాళ్ళు కొంచెం అటూ ఇటూ మారుతుంటాయని తరువాతి కాలంలో తేలింది కనుక బెర్తొలే వాదన పూర్తిగా కొట్టివేయదగినది కాదన్నది వేరే సంగతి; పన్నెండేళ్ళ పిల్లలకు అంతవరకు చెప్పనక్కరలేదు. కాని ఏడుకు నాలుగు అన్న ఆ నిష్పత్తిని బిళ్ళల భాగంలో ఒక్కసారైనా తిరిగి తలచుకొని ఉండవలసింది.

పాదాంకాలు ఎవరో పైనుంచి ఇచ్చినవి కావని కూడా చెప్పవలసింది. పరమాణు సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన డాల్టన్ నీటి అణువులో ఒకే హైడ్రోజన్, ఒకే ఆక్సిజన్ ఉన్నాయనుకున్నాడు. హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల అణువుల్లో రెండేసి పరమాణువులు ఉంటాయని 1811లో అవొగాడ్రో చెప్పిన మాటను శాస్త్రవేత్తలు పట్టించుకోవడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూలో జరిగిన రసాయనశాస్త్రవేత్తల సమావేశం తరువాతే ఈ గందరగోళం సర్దుకోవడం మొదలైంది. మూలకాలకు అక్షరాల సంకేతాలు పెట్టిన బెర్జీలియస్ ఆ చిన్న అంకెను కిందకు బదులు పైన రాసేవాడు. పుస్తకంలో చరిత్రకు అరపేజీ కేటాయించి, అదంతా ఫ్రెంచ్ రసాయనశాస్త్రవేత్త లవోయిజర్ ప్రాణాలు కోల్పోయిన తీరుకే ఖర్చుచేశారు. 1789లో ఆయన ప్రకటించిన 33 మూలకాల పట్టికలో వెలుగు, ఉష్ణం కూడా ఉన్నాయన్న ఆసక్తికరమైన విషయాన్ని మాత్రం మరవకుండా ఇచ్చారు. మా అమ్మాయికి ఆ పేజీలో గుర్తున్నది అదొక్కటే.

కార్డుల భాగంలో మంచి కార్డులు లేకపోలేదు. వజ్రం, గ్రాఫైట్ రెండింటికీ విడి కార్డులిచ్చి, రెండూ మూలకం గడిలోకే వెళ్ళేలా చేయడం బాగుంది. ఆక్సిజన్ కార్డు మీద జంట గోళాల బొమ్మ వేసి పిల్లలను కావాలనే తప్పుదారి పట్టించారు. రెండు పరమాణువులు కలిసి ఉన్నాయి కాబట్టి సంయోగ పదార్థమేమోనని అనుకున్నవారికి, కలిసినవి ఒకే రకమైనవా వేర్వేరువా అన్నదే ప్రశ్న అని వెనుకవైపు వివరణ ఉంటుంది. స్వేదనజలం, సీసాలో అమ్మే తాగునీరు అన్న రెండు కార్డులను పక్కపక్కన పెట్టినప్పుడు "శుద్ధమైన" అన్న మాటకు ఇంట్లో ఒక అర్థం, రసాయనశాస్త్రంలో మరొక అర్థం ఉన్నాయని తెలుస్తుంది. తాగడానికి శుభ్రమైన నీటిలోనూ లవణాలు కరిగి ఉంటాయి, అది మిశ్రమమే. 22 క్యారట్ల బంగారం కార్డు కూడా ఇలాంటిదే: 24 పాళ్ళలో 22 మాత్రమే బంగారం కాబట్టి అది సజాతీయ మిశ్రమం. మిశ్రమలోహం అన్న తెలుగు మాటలోనే సమాధానం ఉందని మా అమ్మాయి కనిపెట్టి, ఇత్తడి, కంచు కార్డులను చూడకుండానే అదే గడిలో పడేసింది.

అయితే పాల కార్డు వెనుక "సజాతీయ మిశ్రమం" అని ఉంది. ఇది తప్పు. కంటికి ఒకేలా కనిపించినంత మాత్రాన పాలు ద్రావణం కావు. సూక్ష్మదర్శినిలో కొవ్వు బిందువులు విడిగా తేలుతూ కనిపిస్తాయి. విచిత్రమేమిటంటే దీనిని తేల్చడానికి కావలసిన టార్చిలైటు పెట్టెలోనే ఉంది. ఒక గాజు గ్లాసులో ఉప్పునీరు, మరో గ్లాసులో రెండు చుక్కల పాలు కలిపిన నీరు పోసి, గదిలో దీపం ఆర్పి పక్కనుంచి టార్చి వేశాం. ఉప్పునీటిలో కాంతి దారి కనిపించలేదు. పాలనీటిలో తెల్లటి చార ఇటునుంచి అటు సాగింది. టిండాల్ ప్రభావం అని పిలిచే ఈ చిన్న పరీక్షతో కొల్లాయిడ్ (కంటికి కనిపించనంత చిన్న కణాలు కరగకుండా తేలుతూ ఉండే మిశ్రమం) అన్న మూడో తరగతిని పరిచయం చేయవచ్చు. పుస్తకం మాత్రం ఆ టార్చిని బురదనీటిని పరీక్షించడానికి మాత్రమే వాడమంది. బురదనీరు విజాతీయమని తెలుసుకోవడానికి టార్చి ఎందుకో నాకు బోధపడలేదు. నాలుగు గళ్ళే ఉన్నాయి కాబట్టి ప్రతి పదార్థాన్నీ ఆ నాలుగింటిలోకి నెట్టడమే ఈ భాగం ధోరణి. శుద్ధ పదార్థానికి స్థిరమైన మరుగు స్థానం ఉంటుంది, మిశ్రమానికి ఉండదు అని గట్టిగా రాసిన చోటకూడా అదే ధోరణి కనిపిస్తుంది. నిజానికి దాదాపు 95.6 శాతం ఇథనాల్, మిగతా నీరు ఉన్న మిశ్రమం 78.2 డిగ్రీల దగ్గర స్థిరంగా మరుగుతుంది, ఆ కారణంగానే సాధారణ స్వేదనంతో దాన్ని అంతకన్నా శుద్ధి చేయలేరు. "సాధారణంగా" అన్న ఒక్క మాట చేర్చితే సరిపోయేది.

భాష గురించి కొంత చెప్పాలి. పుస్తకంలో భాష పద్ధతిగా ఉంది; పరమాణువు (మూలకపు అతి చిన్న కణం), అణువు (పరమాణువులు కలిసి ఏర్పడిన కణం) అన్న రెండు మాటలనూ వాటి వాటి అర్థాలలోనే వాడారు. వీడియోలలో మాట్లాడిన వ్యక్తి మాత్రం రెండింటినీ అణువు అనే అంటారు. "నీటి అణువులో మూడు అణువులు" అన్న వాక్యం విన్నప్పుడు, తుల్యం చేయడమంతా ఈ తేడా మీదే నిలబడి ఉంటుందన్న స్పృహ ఆ వ్యక్తికి లేదా అనిపించింది. ద్రవ్యం, ద్రవం, ద్రవ్యరాశి, ద్రావణం, ద్రావణి, ద్రావితం అన్న ఆరు మాటలు మొదటి పాఠంలో ఆరు నిమిషాలలో వచ్చిపడతాయి. వినేవారి చెవికి అన్నీ ఒకే మాటలా తోస్తాయి. ఉప్పు ద్రావితం, నీరు ద్రావణి, ఉప్పునీరు ద్రావణం అని గ్లాసు ముందు పెట్టుకుని చూపితే అయిపోయే పనికి నిర్వచనాలు చదివి వినిపించారు. వీడియోలు చూడకుండా పుస్తకంతోనే నడపడం మేలు.

ద్రవ్యనిత్యత్వ నియమాన్ని, అంటే రసాయన చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదన్న నియమాన్ని, చూపే ప్రయోగం ఈ కిట్‌కు గుండెకాయ కావలసింది, కాని అక్కడే మాకు ఎక్కువ ఇబ్బంది ఎదురైంది. సీసాలో 100 మిల్లీలీటర్ల వెనిగర్, బెలూన్‌లో 4.2 గ్రాముల వంటసోడా. బెలూన్‌ను సీసా మూతికి తొడిగి మొత్తాన్ని తూచాలి. తరువాత బెలూన్ ఎత్తి సోడాను లోపలికి ఒంపితే కార్బన్ డయాక్సైడ్‌తో బెలూన్ ఉబ్బుతుంది. మళ్ళీ తూస్తే బరువు మారదు అని పుస్తకం చెబుతుంది. సమీకరణం కూడా సులువైనదే, అన్ని గుణకాలూ ఒకటే. 84 పాళ్ళ సోడాకు 44 పాళ్ళ వాయువు రావాలి కాబట్టి, 4.2 గ్రాములకు 2.2 గ్రాములు. ముందుగా మూత లేకుండా చేసినప్పుడు త్రాసు 1.9 గ్రాముల తగ్గుదల చూపింది. వాయువులో కొంత ద్రవంలోనే కరిగి ఉంటుంది కనుక అది సరిగ్గానే ఉంది. బెలూన్ తొడిగి చేసినప్పుడు 1.2 గ్రాములు తగ్గింది. మళ్ళీ చేశాం, మళ్ళీ అంతే. బెలూన్ మూతి చుట్టూ సబ్బునీరు పూసి చూశాం, ఎక్కడా బుడగలు రాలేదు.

"అత్తా, గాలి బయటికి పోలేదుగా, మరి బరువెక్కడికి పోయింది?" అని ఆ అమ్మాయి అడిగింది. చాలా న్యాయమైన ప్రశ్న. ఏమీ ఎక్కడికీ పోలేదు. లీటరు పైచిలుకు ఉబ్బిన బెలూన్ అంత పరిమాణంలోని బయటి గాలిని పక్కకు నెడుతుంది. లీటరు గాలి బరువు దాదాపు 1.2 గ్రాములు, నీటిలో మునిగిన వస్తువును నీరు పైకి నెట్టినట్టే గాలి ఆ బెలూన్‌ను అంతమేరకు పైకి నెడుతుంది. త్రాసు చూపినది ద్రవ్యరాశిలో లోటు కాదు, గాలి ఉత్ప్లవన బలం. ఎంత చక్కని పాఠం ఇది! కాని పుస్తకంలో దీని ప్రస్తావనే లేదు. "బరువు తగ్గితే బెలూన్‌కు చిల్లు ఉన్నదేమో చూడండి" అన్న సలహా మాత్రం ఉంది. నియమాన్ని నిరూపించాల్సిన ప్రయోగం నియమం తప్పన్నట్టు చూపుతుంటే, పిల్లలు అనుమానించేది తమ చేతిపనినే. తయారీదారులకు ఈ సంగతి రాసి పంపాను. చిల్లు లేని కొత్త బెలూన్లు పంపారు.

ఈ ప్రయోగాన్ని సరిగా చేయాలంటే ఉబ్బని పాత్ర కావాలి. శీతల పానీయం వచ్చే లీటరు ప్లాస్టిక్ సీసాలో 25 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, సుమారు ఒక గ్రాము వంటసోడాను పలుచని కాగితంలో పొట్లం కట్టి లోపలికి జారవిడిచి, వెంటనే మూత బిగించాం. సోడా ఇంతకు మించకూడదు. గాజుసీసాతో దీన్ని అసలు చేయకూడదు, పగిలే ప్రమాదం ఉంది. చర్య ముగిశాక త్రాసు మీది అంకె దశాంశంతో సహా అలాగే నిలిచి ఉంది. మూత వదులుచేయగానే బుస్సుమన్న శబ్దంతో పాటు అంకె అర గ్రాముకు కొంచెం తక్కువగా పడిపోయింది. ఆ అమ్మాయి మూత తిప్పుతూ త్రాసు వంకే చూస్తూ ఉండిపోయింది.

పుస్తకం చివరి పుటలలో "మీ సొంత సమీకరణం తయారుచేయండి" అన్న అభ్యాసం ఉంది. బిళ్ళలు తుల్యమైతే నక్షత్రం గీసుకోవచ్చు. మా అమ్మాయి రాగినీ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నీ కలిపి కాపర్ క్లోరైడ్, హైడ్రోజన్ వచ్చినట్టు పేర్చింది. ఆమ్లం రెండు, మిగతావి ఒక్కొక్కటి, చుక్కలన్నీ సరిపోయాయి, నక్షత్రం వచ్చింది. అయితే చర్యలో ఎంత చురుకో చూసి మూలకాలను వరుసగా పేర్చిన చర్యాశీలత శ్రేణిలో రాగి హైడ్రోజన్ కన్నా కింద ఉంటుంది. గాలి తగలకుండా ఆ ఆమ్లంలో రాగి ముక్క ఎంతసేపు పడి ఉన్నా హైడ్రోజన్ బుడగ ఒక్కటి కూడా రాదు. సమీకరణం తుల్యమైనంత మాత్రాన ఆ చర్య జరుగుతుందని అర్థం కాదన్న హెచ్చరిక ఆ పేజీ నెత్తిమీద ఉండాలి. అలాగే "ప్రతి సమీకరణానికీ ఒకే సరైన సమాధానం ఉంటుంది" అన్న వాక్యాన్నీ సవరించాలి. సల్ఫ్యూరిక్ ఆమ్ల సమక్షంలో పొటాషియం పర్మాంగనేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ మధ్య జరిగే చర్యలో రెండు పర్మాంగనేట్‌లకు ఐదు పెరాక్సైడ్‌లు తీసుకుంటే ఐదు ఆక్సిజన్ అణువులు, ఎనిమిది నీటి అణువులు వచ్చి లెక్క సరిపోతుంది. ఏడు పెరాక్సైడ్‌లు తీసుకుని ఆరు ఆక్సిజన్, పది నీరు వచ్చాయన్నా చుక్కలు సరిపోతాయి. వెలువడే ఆక్సిజన్ అంతా పెరాక్సైడ్ నుంచే వస్తుంది, ఒక్కో దాని నుంచి ఒక్కో అణువు చొప్పున, కాబట్టి మొదటిదే నిజం. ఆ సంగతి చుక్కలు చెప్పవు, రసాయనశాస్త్రమే చెప్పాలి. ఈ ఉదాహరణ పిల్లల స్థాయికి మించినదే. కాని తప్పు వాక్యం రాయడానికి పిల్లల స్థాయి సాకు కాకూడదు.

వస్తువు నాణ్యత గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బిళ్ళలు గట్టివి, త్రాసు నమ్మదగినది, కార్డుల అంచులు మూడో వారానికే లేచిపోయాయి. పక్కన కూర్చుని ఇక్కడ చెప్పిన తప్పులను సరిదిద్దగల పెద్దవారు ఇంట్లో ఉంటే ఈ కిట్‌ను నిస్సంకోచంగా కొనవచ్చు. బిళ్ళలు, పళ్ళెం విడిగా అమ్మితే తరగతి గదికి నేనే నాలుగు సెట్లు తెప్పించి ఉండేదాన్ని. పిల్లలను ఒంటరిగా వదిలేసి నేర్చుకోమనడానికి మాత్రం ఇది సిద్ధంగా లేదు.

ఒక చిన్న లోటు మిగిలింది. పుస్తకంలో 23వ లెక్క ఈథేన్ దహనం. ఒక ఈథేన్ అణువు కాలితే రెండు కార్బన్ డయాక్సైడ్, మూడు నీటి అణువులు వస్తాయి. వాటిలోని ఏడు ఆక్సిజన్ పరమాణువులకు మూడున్నర ఆక్సిజన్ బిళ్ళలు కావాలి. బిళ్ళ విరగదని ఆ అమ్మాయికి మొదటి రోజు నుంచీ తెలుసు కాబట్టి అన్నిటినీ రెట్టింపు చేసింది: రెండు ఈథేన్, నాలుగు కార్బన్ డయాక్సైడ్, ఆరు నీరు, ఏడు ఆక్సిజన్. పెట్టెలో ఆక్సిజన్ బిళ్ళలు ఆరే ఉన్నాయి. పెట్టె అంతా వెతికి, లేదని తేల్చుకుని, చిరిగిన కార్డు అట్టను గుండ్రంగా కత్తిరించి, వెనుక రెండు ఎర్ర చుక్కలు పెట్టి, ముందువైపు ఓ అని రాసి, కిందుగా చిన్న 2 వేసింది. ఆ 2 మీద పెన్నుతో రెండు మూడుసార్లు దిద్దింది, చెరిగిపోకుండా.